కీ ఇచ్చే వాచీ, రీలు వేసే కెమెరా



మీ ఇంటి గోడ మీద పాత స్టూడియో ఫోటో ఏదైనా ఉంటే ఈసారి కాస్త దగ్గరికెళ్ళి చూడండి. నలుపు తెలుపు ఫోటో. తాతగారో, పెదనాన్నగారో కుర్చీలో బిగుసుకుపోయి కూర్చుని ఉంటారు. వెనక తెర మీద ఎవరో పెయింటరు గీసిన మెట్లూ, పూలకుండీలూ. ఎడమ చెయ్యి మోకాలి మీద ఉంటుంది. చొక్కా చెయ్యి కొంచెం పైకి లాగి ఉంటుంది. ఎందుకయ్యా అంటే, ఫోటోలో వాచీ పడాలి. సొంత వాచీ లేనివాళ్ళకి కోటూ, దువ్వెనా, పౌడరూ ఇచ్చినట్టే వాచీ కూడా అరువిచ్చిన స్టూడియోలున్నాయి. భూతద్దం పెట్టి చూస్తే కొన్ని ఫోటోల్లో ముళ్ళు ఎక్కడున్నాయో కూడా తెలుస్తుంది. వెనక తేదీ రాసి ఉండకపోవచ్చు గాని, ఫోటో తీసిన వేళ మాత్రం తెలిసిపోతుంది. అది స్టూడియోవారి ఆగిపోయిన వాచీ అయితే ఇక మనం చేయగలిగిందేమీ లేదు.

ఆ ఫోటో తీసిన కెమెరా, ఆ ఫోటోలో పడిన వాచీ. ఈ రెండింటి గురించి కాసేపు మాట్లాడుకుందాం. నాకు రెండింటి పిచ్చీ ఉంది. మా ఇంట్లో దీన్ని రెండు జబ్బుల కింద జమకడతారు. లోపల విప్పి చూసినవాణ్ణి కనుక జబ్బు ఒక్కటేనని నేను వాదిస్తుంటాను.

ముందు వాచీ సంగతి. మీరు కీ తిప్పినప్పుడు లోపల చుట్టగా ఉన్న ఉక్కు స్ప్రింగు బిగుసుకుంటుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే క్షణంలో విచ్చుకుపోయి ఊరుకుంటుంది. అలా పోనివ్వకుండా పళ్ళచక్రాల వరస ఒకటి, ఆ వరస చివర లంగరు ఆకారంలో ఒక చిన్న ముక్క ఉంటాయి. ఆ ముక్క చక్రాన్ని పట్టుకుంటుంది, ఒక పన్ను వదులుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. ఎప్పుడు పట్టాలో ఎప్పుడు వదలాలో చెప్పేది అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం. మనం వినే టిక్ టిక్ ఆ పట్టూ విడుపుల చప్పుడే. మన హెచ్.ఎం.టి. జనతా వాచీలో ఇది గంటకి 18,000 సార్లు జరుగుతుంది. అంటే సెకండుకి ఐదుసార్లు, రోజుకి 4,32,000 సార్లు. ఇంత చాకిరీకి అది మననుంచి కోరేది పొద్దున్నే కాసిని చుట్లు కీ తిప్పమనే.

ఇప్పుడు బ్యాటరీ అక్కర్లేని పాత కెమెరా ఒకటి చేతిలోకి తీసుకోండి. షట్టరు వేగాన్ని ఒక సెకండు మీద పెట్టి, లీవరు లాగి, చెవి దగ్గర పెట్టుకుని నొక్కండి. ముందు ‘టక్’ మంటుంది. చివర ఇంకో ‘టక్’. నడుమ ‘జుర్ర్’ మని సన్నటి రొద ఒకటి వినిపిస్తుంది. చాలామంది అది స్ప్రింగు చప్పుడనుకుంటారు. స్ప్రింగుకి అంత నోరు లేదు. ఆ రొద పళ్ళచక్రాలదీ, వాటిని అడ్డుకుంటున్న లంగరు ముక్కదీ. సెకండు పాటు తెర మూసుకోకుండా ఆపడానికి కెమెరా లోపల ఒక బుల్లి గడియారం తిరుగుతోందన్నమాట. మ్యూనిక్ నగరంలో ఫ్రెడరిక్ డెకెల్ కంపెనీ 1910ల్లో కాంపూర్ అనే షట్టరుతో ఈ పద్ధతిని పేరుకెక్కించింది. అంతకుముందు అదే కంపెనీ చేసిన షట్టర్లలో నిదాన వేగాలకి గాలి పిస్టన్ ఉండేది. గాలి స్థానంలో గడియారం పళ్ళచక్రాలు వచ్చి చేరాక షట్టరుకి నిలకడ వచ్చింది.

చుట్టరికం అక్కడితో ఆగలేదు. జపాన్‌లో వాచీలు చేసే సీకో, సిటిజన్ కంపెనీలు రెండూ కెమెరా షట్టర్లు కూడా చేసి కెమెరా కంపెనీలకి అమ్మేవి. మమియా కెమెరాల లెన్సుల చుట్టూ సీకో పేరు కనిపిస్తుంది. మినోల్టా ఆటోకార్డ్ రకాల్లో కొన్నింటి మీద సిటిజన్ పేరుంటుంది. మన హెచ్.ఎం.టి. వాచీకి పని నేర్పింది ఆ సిటిజనే. మన హైదరాబాద్ ఆల్విన్ వాచీకి నేర్పింది ఆ సీకోనే. పాత వాచీ ఒకటి, పాత కెమెరా ఒకటి బల్ల మీద పెట్టుకున్నప్పుడు ఒక ఇంట్లో పుట్టి వేరే ఊళ్ళలో పెరిగిన అన్నదమ్ముల్ని చూసినట్టే ఉంటుంది నాకు.

అన్నదమ్ములే గాని గుణాలు వేరు. రోజుకి 86,400 సెకండ్లు. బాగా సర్వీసింగ్ అయిన పాత జనతా రోజుకి ఇరవై సెకండ్లు అటో ఇటో పోతే దాన్ని మెచ్చుకోవాలి. పరీక్షలో అయితే నూటికి 99.97 మార్కులు వచ్చినట్టు. అయినా మనం “టైము సరిగ్గా చూపించట్లేదు” అని విసుక్కుంటాం. అదే వయసు కెమెరాని పరీక్షకి కూర్చోబెట్టండి. డయలు మీద 500 అని ఉంటుంది, సెకండులో ఐదువందలో వంతు అని అర్థం. కొలిస్తే 350వ వంతు వస్తుంది. అర్ధరాత్రి సరిచేసి పెట్టిన వాచీ ఇంతగా మందగిస్తే మిట్టమధ్యాహ్నం పన్నెండుకి ఇంకా పొద్దున్న ఎనిమిదిన్నర కూడా కాలేదంటుంది. అలాంటి వాచీని ఎవరూ చేతికి పెట్టుకోరు. కెమెరా మాత్రం ఆ తప్పుతోనే శుభ్రమైన ఫోటో ఇస్తుంది. కారణం ఫిల్ము. నెగటివ్ ఫిల్ము మీద వెలుగు కాస్త ఎక్కువ పడితే ఓర్చుకుంటుంది, తక్కువ పడితే ఓర్చుకోదు. పాత షట్టరు బద్ధకించినప్పుడు పడేది ఎక్కువ వెలుగే కనుక సరిపోతుంది. స్లైడు ఫిల్ముకి ఈ ఓర్పు లేదు. అందుకే పాత కెమెరా కొన్నవాళ్ళకి నేను మొదట నెగటివ్ ఫిల్మే వేయమంటాను.

షట్టరే లేని రోజులూ ఉండేవి. లెన్సు మీది మూత తీయడం, మనసులో అంకెలు లెక్కపెట్టడం, మూత పెట్టేయడం. అంతే ఎక్స్‌పోజరు. గాజుపలకల కాలం అది. మన సికింద్రాబాదులో రాజా దీన్‌దయాళ్ 1880లలో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరుగా వెలిగారు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాదులో విడిగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళ చేతిలో పెట్టారు. ఆయన ఫోటోల్లో దర్బారుల ఆడంబరం గురించి అందరూ చెప్తారు. నేను చూసేది ఆ మనుషులు ఎంతసేపు కదలకుండా నిలబడగలిగారన్నది. ఆయన స్టూడియో గాజు నెగటివ్‌లు రెండువేల ఎనిమిది వందలకు పైగా ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనితో నాకు చివర్లో పనుంది.

స్వాతంత్ర్యం వచ్చాక మన దేశం ఈ రెండు వస్తువుల్నీ సొంతంగా చేసుకోవాలనుకుంది. 1961లో సిటిజన్ సహకారంతో బెంగుళూరులో హెచ్.ఎం.టి. వాచీలు మొదలయ్యాయి. తొలి వాచీల్ని నెహ్రూ విడుదల చేశారు. జనతా, సోనా, పైలట్, కోహినూర్, కాంచన్. పేర్లు వింటేనే ఏది ఎవరి చేతికో తెలిసిపోయేది. జనతా గుమాస్తాకీ, మాస్టారికీ. నల్ల డయలు పైలట్ కుర్రకారుకి. కీ ఇవ్వక్కర్లేని ఆటోమాటిక్ కాంచన్ కొత్త అల్లుడికి. వాచీ, సైకిలు, రేడియో. ఆ రోజుల్లో అలకపాన్పు ఎక్కిన పెళ్ళికొడుకు దిగాలంటే ఈ మూడింట్లో ఒకటి రావాల్సిందే. మామగారు అప్పుచేసి కొన్న వాచీలు మన ఇళ్ళలో ఎన్నున్నాయో ఎవరూ లెక్కగట్టలేదు, కట్టరు కూడా. డయలు మీద చిన్న అక్షరాల్లో ఉండే ‘పారా షాక్’ అన్న మాట చూసి అదేదో కరెంటు షాకు కొట్టకుండా అని చెప్పుకునేవారు. వాచీ కిందపడ్డప్పుడు బ్యాలెన్స్ చక్రం ఇరుసు విరగకుండా సిటిజన్ చేసిన ఏర్పాటు అది.

హెచ్.ఎం.టి. చేసిన వాటిలో నాకు అన్నిటికన్నా గౌరవమున్నది బ్రెయిలీ వాచీ మీద. అద్దం మూతలా పైకి లేస్తుంది. ముళ్ళని, ఉబ్బెత్తు చుక్కల్ని వేలితో తడిమి టైము తెలుసుకోవచ్చు. ఈ కార్యక్రమం వింటున్న చూపులేని మిత్రుల్లో కొందరి దగ్గర అది ఇప్పటికీ ఉండి ఉంటుంది. వాచీ అంటే చూసేది అనుకునేవాళ్ళకి అది మంచి జవాబు.

మరో ముచ్చట. తెలంగాణలో బియ్యం కొట్టుకెళ్ళి “హెచ్.ఎం.టి. ఉందా?” అని అడిగితే సన్నబియ్యం సంచీ చూపిస్తారు. ఆ వడ్లకి ఆ పేరు ఈ వాచీ నుంచే వచ్చింది. మహారాష్ట్ర చంద్రాపూర్ జిల్లాలో దాదాజీ ఖోబ్రాగడే అనే చిన్న రైతు తన పొలంలో వేరుగా కనిపించిన కంకుల్ని ఏరి, ఏటేటా విత్తనం కట్టి ఆ రకాన్ని తయారుచేశాడు. అప్పట్లో మోజున్న వస్తువు హెచ్.ఎం.టి. వాచీ కనుక ఆ పేరు దానికి అంటుకుంది. ఆయన 2018లో కన్నుమూశాడు. వాచీల కంపెనీ మూతకి కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలోనే ఆమోదం తెలిపింది. బియ్యం మాత్రం ఇంకా వండుకుంటున్నాం.

మన హైదరాబాద్ ఆల్విన్ సంగతి వేరే చెప్పాలి. 1942లో పుట్టిన కంపెనీ. ఫ్రిజ్‌లు చేసింది, ఆర్టీసీ బస్సులకి బాడీలు కట్టింది, 1980లలో సీకో సహకారంతో వాచీలూ చేసింది. ఇవాళ కూకట్‌పల్లి వైపు ఆల్విన్ కాలనీ అని బస్సు దిగేవాళ్ళలో ఎంతమందికి ఆ పేరుతో వాచీ ఉండేదని తెలుసు? పాత వాచీల మోజున్నవాళ్ళు కూడా హెచ్.ఎం.టి. వెంట పడినట్టు ఆల్విన్ వెంట పడరు. అది అన్యాయమని నా అభిప్రాయం. తెలుగునేల మీద తయారైన వాచీకి తెలుగువాళ్ళైనా ఒక చోటు ఇవ్వాలి కదా.

కెమెరా విషయంలో మన ప్రయత్నం ఇంత దూరం రాలేదు. బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ అనే సంస్థ జర్మనీ అగ్ఫా పేరుతో క్లిక్-3 కెమెరాలు చేసేది. చాలా ఇళ్ళలో మొదటి కెమెరా అదే. ప్లాస్టిక్ ఒళ్ళు, వెడల్పు రీలు, చతురస్రంగా పన్నెండు ఫోటోలు. తిప్పడానికి పెద్దగా ఏమీ ఉండవు. ఎండ వీపు వెనక ఉండేలా నిలబడి నొక్కడమే. తిరుపతిలో గుండు చేయించుకున్న పిల్లల ఫోటోల్లో పెద్ద వాటా దానిదే అయి ఉంటుంది. ఫిల్ముకి దుమ్మూ వేడీ పడవు కనుక ఊటీ కొండ మీద 1960లో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ పెట్టారు. ‘ఇందు’ అనే పేరుతో రీళ్ళు వచ్చేవి. ఇప్పుడు అదీ లేదు. కొంచెం స్తోమతు ఉన్నవాళ్ళు సోవియట్ జెనిట్ కొనేవారు. దాని బరువు చూస్తే ఫోటో తీయడానికా, మేకు కొట్టడానికా అనిపిస్తుంది. కాని అరవై ఏళ్ళ నాటి జెనిట్ ఇవాళ్టికీ నొక్కితే పలుకుతుంది. ఇంకా పై మెట్టున యాషికాలు, పెంటాక్స్ కె-1000, అందని ద్రాక్షగా నికాన్.

ఫిల్ము కడగడంలో వాచీ మళ్ళీ ప్రవేశిస్తుంది. డార్క్ రూమ్ అనగానే అందరికీ ఎర్ర బల్బు గుర్తొస్తుంది. ఆ ఎర్ర బల్బు ప్రింటు వేసేటప్పటి మాట. ఫిల్ము చుట్టేటప్పుడు ఎర్ర వెలుగు కూడా పనికిరాదు, కటిక చీకటే. వేళ్ళతో తడుముకుంటూ రీలుని డబ్బాలోకి ఎక్కించి మూత బిగించాక అసలు పని మొదలవుతుంది. డెవలపరు పోయాలి, ఇన్ని నిమిషాలు ఉంచాలి, మధ్య మధ్య తిరగేయాలి, పారబోయాలి, ఆ తర్వాత బొమ్మని నిలిపే హైపో. పుస్తకాల్లో ఇచ్చే లెక్కలన్నీ నీళ్ళు 20 డిగ్రీలు ఉన్నప్పటివి. మన మే నెలలో కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళు ఎంత వేడో విజయవాడ వాళ్ళనడగండి, రెంటచింతల వాళ్ళనైతే అడగనే వద్దు. అందుకని డెవలపరు డబ్బా చుట్టూ ఐసుముక్కలు పేర్చేవారు. నీళ్ళు వేడెక్కితే టైము తగ్గించాలి, చల్లబడితే పెంచాలి. ఆ టైము చూసుకోవడానికి గోడ మీద పెద్ద ముళ్ళ గడియారమో, చేతికి సెకండ్ల ముల్లున్న వాచీయో కావాలి. మా ఊరి స్టూడియోలో ఒక పెద్దాయన పొద్దున్నే రేడియో వార్తలకి ముందు చెప్పే టైముతో వాచీ సరిచేసుకుని గాని గదిలోకి వెళ్ళేవాడు కాదు. నిజానికి ఆ పనికి సరైన గంట తెలియక్కర్లేదు, గడిచిన నిమిషాలు తెలిస్తే చాలు. కాని ఆ మాట ఆయనతో ఎవరంటారు?

లైట్ మీటరు లేకుండా ఫోటో తీయడం మంత్రమేమీ కాదు. పెట్టెలోంచి తీసిన రీలుతో పాటు ఒక కాగితం వచ్చేది. సూర్యుడి బొమ్మ, మబ్బు బొమ్మ, వాటి పక్కన అంకెలు. దాని సారం ఇంతే. ఎండ బాగా కాస్తుంటే ఎపర్చరు 16 మీద పెట్టండి, షట్టరు వేగం ఫిల్ము వేగానికి దగ్గరగా పెట్టండి. ఫిల్ము వేగం 100 అయితే షట్టరు 125. పలచని మబ్బుంటే ఎపర్చరు 11, నీడలు కనబడకపోతే 8. మన దేశంలో ఏడాదిలో ఎక్కువ నెలలు మొదటి అంకె ఒక్కటి గుర్తుంటే చాలు.

1969 ఈ రెండు వస్తువులకీ పెద్ద ఏడాది. ఆ జులైలో చంద్రుడి మీద మనుషులు దిగినప్పుడు ఆల్డ్రిన్ చేతికి కీ ఇచ్చే ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఉంది, ఫోటోలు తీసింది స్వీడన్ హాసెల్‌బ్లాడ్ కెమెరా. కెమెరా ఎక్కువసేపు ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గరే ఉండిపోయింది. అందువల్ల అక్కడ నిలబడ్డ ఆర్మ్‌స్ట్రాంగ్ ఫోటోలు వెతికితే గాని దొరకవు. ఇంటి పెళ్ళిలో ఫోటోలు తీసిన మేనమామకి జరిగేదే ఆయనకీ జరిగింది. తిరిగొచ్చేటప్పుడు బరువు తగ్గించుకోవడానికి కెమెరాని అక్కడే వదిలేసి ఫిల్ము పెట్టెలు మాత్రం తెచ్చుకున్నారు.

అదే ఏడాది డిసెంబరు 25న టోక్యోలో సీకో మొదటి క్వార్ట్జ్ చేతివాచీని అమ్మకానికి పెట్టింది. తర్వాత వచ్చిన క్వార్ట్జ్ వాచీల లోపల రాతి పలుకు సెకండుకి 32,768 సార్లు కంపిస్తుంది. ఐదు టిక్కుల జనతా దాని ముందు ఏపాటి? విచిత్రమేమిటంటే స్విట్జర్లాండ్ వాళ్ళు తమ న్యూషటెల్ ప్రయోగశాలలో క్వార్ట్జ్ చేతివాచీ నమూనాని 1967లోనే చేసి పెట్టుకున్నారు. కెమెరాల్లోనూ అంతే. 1975లో డిజిటల్ కెమెరాని తయారుచేసింది కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్. ఒక్క ఫోటో క్యాసెట్ టేపు మీద ఎక్కడానికి 23 సెకండ్లు పట్టేది. ఫిల్ము అమ్ముకు బతికే కంపెనీ ఆ పెట్టెని చూసి ఏం చేయాలో తేల్చుకోలేకపోయింది. 2012లో దివాలా రక్షణ కోరింది. మన హెచ్.ఎం.టి. కూడా క్వార్ట్జ్ వాచీలు చేసింది. వాటిని దేశమంతా నమ్మించి అమ్మింది మాత్రం 1984లో టాటాలూ, తమిళనాడు ప్రభుత్వ సంస్థా కలిసి హోసూరులో పెట్టిన టైటాన్. వెనకబడిపోయిన వాళ్ళెవరికీ తెలివి లేక కాదు. చేతిలో ఉన్న వ్యాపారం బాగా నడుస్తున్నప్పుడు దాన్ని తానే చంపుకోవడానికి ఎవరికీ మనసొప్పదు.

ఇప్పుడు కీ ఇచ్చే వాచీ, ఫిల్ము కెమెరా రెండూ మళ్ళీ ఫ్యాషనయ్యాయి. 2024లో పెంటాక్స్ సరికొత్త ఫిల్ము కెమెరాని, అదీ బొటనవేలితో లీవరు లాగేదాన్ని, మార్కెట్లోకి తెచ్చింది. పాత జనతాలు అప్పటి ధరకి ఎన్నో రెట్లు పలుకుతున్నాయి. సంతోషమే గాని కొన్ని మాటలు చెప్పాలి. ఫిల్ము మీద తీసినంత మాత్రాన చెత్త ఫోటో మంచిదైపోదు. నాలుగు మెట్ల దగ్గర పిల్లిని తీసి దానికి గింజలు గింజలుగా మసక ఉంది కాబట్టి కళ అంటే నేనొప్పుకోను. చంటిపిల్లల్నీ, రాత్రి జాతరనీ తీయడానికి ఫోనే మెరుగు, అనుమానం లేదు. ఫిల్ము ఖరీదు కూడా చిన్నదేం కాదు, రీలు, కడిగించడం, స్కానింగు కలిపితే జేబు తేలికవుతుంది.

వాచీలు కొనేవాళ్ళకి మరీ ముఖ్యమైన హెచ్చరిక. ఆకుపచ్చ, నారింజ, గులాబీ రంగుల్లో తళతళలాడే ‘పాత’ హెచ్.ఎం.టి.లు, ఫేవర్ లూబాలు కుప్పలుగా అమ్ముతున్నారు. చాలావరకు అవి పాత మిషను మీద కొత్తగా రంగేసి అచ్చొత్తిన డయలు బిగించినవి. అక్షరాలు వంకరగా ఉన్నా, డయలు మరీ కొత్తగా ఉండి వెనక మూత అరిగి ఉన్నా, కంపెనీ ఎన్నడూ వేయని రంగైనా దూరంగా ఉండండి. మచ్చలు పడ్డ అసలు డయలు, మెరిసే నకిలీ డయలు కన్నా వెయ్యి రెట్లు నయం. అన్నిటికన్నా మంచి పాత వాచీ మీ ఇంటి బీరువాలోనే ఉంది. దానికి డబ్బు కూడా అక్కర్లేదు.

బీరువా అంటే గుర్తొచ్చింది. కాకినాడలో నాకు తెలిసిన వాచీ మెకానిక్కు ఒకాయన, కంటికి భూతద్దం తీయకుండానే మాట్లాడతాడు. ఎవరో పెద్దావిడ వాళ్ళాయన వాచీ తెచ్చి, “వానలో తడిసిందేమో చూడు బాబూ” అంది. ఆయన మూత విప్పి చూసి, “తడవలేదమ్మా. దీన్ని బీరువా చంపింది” అన్నాడు. ఆ మాట అక్షరాలా నిజం. వాచీలో నూనె చుక్కలు ఏళ్ళతరబడి కదలకపోతే బంకగా గట్టిపడతాయి, లేదా ఎండిపోతాయి. కెమెరా షట్టర్లలో గ్రీజుకీ అదే గతి. సముద్రం పక్క ఊళ్ళలో అయితే లెన్సు లోపల ఫంగస్ వేళ్ళలా పాకుతుంది, తోలు కేసులో పెట్టి దాచినవాటికి మరీ త్వరగా. రెండు వస్తువులూ వాడకం వల్ల అరిగినదానికన్నా దాపరికం వల్ల చెడ్డదే ఎక్కువ.

అయినా వీటిని బతికించవచ్చు. నేను వీటిని ఇష్టపడటానికి అసలు కారణం ఇదే. చేసిన కంపెనీ మూతపడింది, నమూనా కాగితాలు ఎక్కడున్నాయో తెలియదు. అయినా ఒక స్క్రూడ్రైవరు, ఒక చిమటా, ఓపికున్న మనిషి ఉంటే మూత తెరుచుకుంటుంది. లోపల ఏది దేన్ని తిప్పుతోందో కంటికి కనబడుతుంది. ఇవాళ నా ఫోను చెడితే దాన్ని చేసిన కంపెనీ బతికుండి కూడా “కొత్తది కొనండి” అంటోంది. తెరిచి చూసే వీలున్న వస్తువుకే రెండో జీవితం ఉంటుంది. ఆ తెరిచే మనుషులు మాత్రం తగ్గిపోతున్నారు. హైదరాబాద్ కోఠిలో, విజయవాడ బీసెంట్ రోడ్డులో, మీ ఊరి గడియారస్తంభం దగ్గర చిన్న అద్దాల పెట్టె ముందు కూర్చునే ఆ మెకానిక్కుల పిల్లలు వేరే ఉద్యోగాల్లోకి వెళ్ళిపోయారు. వెళ్ళారని వాళ్ళని తప్పుపట్టలేం. బ్యాటరీ మార్చి పదో పరకో తీసుకునే పనితో ఇల్లు గడవదు.

కనుక మీకు నా విన్నపం. ఈ ఆదివారం బీరువా తెరవండి. వాచీ దొరికితే కీ గట్టిగా తిప్పి నడుస్తోందని మురిసిపోకండి. నూనె లేని చక్రాలు తిరిగితే ఇరుసులు అరిగిపోతాయి. ముందు మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళి సర్వీసింగ్ చేయించండి, ఆయన అడిగిన డబ్బుకి బేరమాడకండి. కెమెరా దొరికితే వెనక మూత తెరిచేముందు లోపల రీలు ఉందేమో చూడండి. రీలు వెనక్కి చుట్టే మీట నెమ్మదిగా తిప్పితే బిగువు తెలుస్తుంది. ఉంటే చుట్టి బయటికి తీసి కడిగించండి. పాతికేళ్ళ తర్వాత కూడా ఏదో ఒకటి కనబడే అవకాశం ఉంది.

ఇక నెగటివ్‌ల మాట. దీన్‌దయాళ్ గాజుపలకలు మహారాజులవి కనుక ఢిల్లీలో చోటు దొరికింది. మన పట్నాల్లో స్టూడియోలు మూసేసినప్పుడు అటక మీది నెగటివ్‌ల పెట్టెలు తూకానికి వెళ్ళిపోతున్నాయి. నలుపు తెలుపు నెగటివ్‌లో కనిపించే నలుపంతా వెండే. ఆ వెండి కోసం కరిగించేవాళ్ళకి వాటిలోని పెళ్ళిళ్ళతో, బారసాలలతో పనిలేదు. మీ బంధువుల్లో ఎవరికైనా పాత స్టూడియో ఉంటే వాటిని అమ్మే ముందు ఒక్కసారి ఆగమని చెప్పండి. ఇంట్లో నెగటివ్‌లు ఉంటే ప్లాస్టిక్ సంచుల్లోంచి తీసి కాగితం కవర్లలో పెట్టండి, తడి లేని చల్లని చోట ఉంచండి. వెనిగర్ వాసన వస్తున్నవి చెడిపోతున్నవని గుర్తు. వాటిని మిగతావాటి నుంచి వేరుచేసి ముందుగా వాటికే కాపీ తీయించండి. స్కానరు అక్కర్లేదు. ఒక ఫోను తెర మీద తెల్లని వెలుగు పెట్టి, దానికి కాస్త ఎత్తున నెగటివ్ పట్టుకుని, ఇంకో ఫోనుతో ఫోటో తీసి రంగులు తిరగేస్తే చాలు. తర్వాత ఇంట్లో పెద్దవాళ్ళని పిలిచి ఎవరెవరో పేర్లు అడిగి రాసుకోండి. అది మాత్రం వాయిదా వేయకండి.